ఏ సిమ్ముకు ఏ ప్యాకు: తిరుపతి, చిత్తూరు పక్కవాళ్లకు రీఛార్జి లెక్కలు

2024 జూలై 3న జియో, ఎయిర్‌టెల్, మర్నాడు వీఐ (వొడాఫోన్ ఐడియా) రేట్లు పెంచినప్పటినుంచి సెల్‌ఫోన్ షాపుల్లో వినబడే ప్రశ్న ఒకటే: "ఏది చవకన్నా?" జవాబు చెప్పడం తేలికే. ఆ జవాబు పట్టుకుని ఇంటికెళ్లినవాళ్లే నెల తిరక్కముందే వచ్చి గొడవ పెట్టుకుంటారు. పడకగదిలో సిగ్నల్ రాదు, సాయంత్రానికి నెట్ అయిపోతుంది, బ్యాంకు ఓటీపీ రాదు. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలామటుకు కంపెనీ మారితే తీరేవి కావు. మన అవసరానికి సరిపడని ప్యాకు వేయించుకోవడంతో వచ్చేవి. అందుకే ఇక్కడ ధర సంగతి మొదటిది కాదు, మూడోది.

ఇందులో ఇచ్చిన ధరలు 2024 జూలై పెంపు తరవాతవి. మాటలకు మాత్రమే పనికొచ్చే ప్యాకులవీ, వాటి పక్కన కొద్దిపాటి డేటాతో వచ్చినవీ 2025 జనవరి నాటి ధరలు. కంపెనీలు చెప్పాపెట్టకుండా ప్యాకులు తీసేస్తుంటాయి, కాబట్టి డబ్బు కట్టేముందు కంపెనీ సొంత యాప్‌లో సరిచూసుకోండి. రేటు మారినా లెక్క వేసే తీరు ఇదే.

మొదట చూడాల్సింది సిగ్నల్

చూడాల్సిన చోట్లు మూడు: మీరు పడుకునే గది, పనిచేసే చోటు, రోజూ తిరిగే దారి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్లో కవరేజీ మ్యాపు పెట్టాలి. అందులో 2జీ, 4జీ, 5జీ విడివిడిగా చూసుకోవచ్చు. అయితే ఆ మ్యాపు చూపేది ఆరుబయట సంగతి. స్లాబు ఇంట్లో, కింది అంతస్తులో, రెండు గోడల అవతల ఎలా ఉంటుందో మ్యాపు చెప్పదు. దానికి ఒకటే దారి: ఆ కంపెనీ సిమ్ ఉన్న బంధువునో పక్కింటివాళ్లనో పిలిచి, వాళ్ల ఫోన్ మీ పడకగదిలో పెట్టి చూడటం.

చూసేటప్పుడు బార్లను నమ్మకండి. ఎంత సిగ్నల్‌కు ఎన్ని బార్లు గీయాలో ఒక్కో ఫోన్ కంపెనీది ఒక్కో లెక్క. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్, ఆపైన సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. 4జీలో ఆ అంకె మైనస్ 90 లోపు (మైనస్ 80, 85 లాగా) ఉంటే బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పనిజరుగుతుంది. మైనస్ 110 దాటితే మాట తెగిపోతుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది, ఎందుకంటే టవరును అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి వాడుతుంది.

అంకె బాగున్నా నెట్ నత్తనడక నడుస్తోందంటే టవరు మీద జనం ఎక్కువని అర్థం. ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో రాత్రి 8, 10 గంటల మధ్య పరీక్షించండి. తెల్లవారుజామున వచ్చే స్పీడు చూసి మురిసిపోతే ఉపయోగం లేదు. తిరుపతిలో ఇంకో చిక్కు ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి అలిపిరి, బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల ఏ కంపెనీ టవరైనా ఊపిరాడక కొట్టుకుంటుంది. ఆ నాలుగు రోజుల కోపంతో సిమ్ మార్చకండి, మామూలు రోజున చూసి తీర్పు చెప్పండి.

తరవాత, చేతిలో ఉన్న ఫోన్

జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే నడుస్తుంది. కాబట్టి అవ్వాతాతల దగ్గరుండే పాత కీప్యాడ్ ఫోన్లో జియో సిమ్ వేస్తే పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌కు 2జీ ఉంది.

బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది ప్రధానంగా 700, 2100 మెగాహెర్ట్జ్ మీద, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1. పాత ఫోన్లు చాలావాటిలో బ్యాండ్ 28 ఉండదు. ఊళ్లో 4జీ టవరు ఉన్నా ఫోన్ 3జీ దగ్గరే ఆగిపోయిందంటే కారణం ఇదే కావచ్చు. మీ మోడల్ పేరు, బ్యాండ్ 28 అని కలిపి నెట్‌లో వెతికితే నిమిషంలో తేలిపోతుంది.

5జీ ఫోన్ కొన్నంత మాత్రాన అపరిమిత 5జీ రాదు. 2024 పెంపు తరవాత జియో, ఎయిర్‌టెల్ రెండూ దాన్ని రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్యాకులకే ఉంచాయి. జియో 5జీ 2022 డిసెంబరు చివర్లో తిరుమలకు, 2023 జనవరిలో తిరుపతికి వచ్చింది. అయినా మీ వీధిలో ఉందో లేదో మ్యాపులోనే చూడాలి. ఫోన్ పైన 5జీ అని గుర్తు కనబడి స్పీడు రాకపోతే, సెట్టింగ్స్‌లో 4జీకి మార్చి ఒకసారి పరీక్షించండి. 5జీ అంచున ఉన్న ఇళ్లల్లో 4జీయే నిలకడగా ఉండటం మామూలే.

ఇప్పుడు ధర, రోజు లెక్కన

28 రోజుల ప్యాకు నెల ప్యాకు కాదు. 28ని 13తో గుణిస్తే 364. ఏడాదికి 13 సార్లు రీఛార్జి చేస్తున్నామన్నమాట. కాబట్టి ధరను రోజులతో భాగించి చూడాలి.

| ప్యాకు | ధర (రూ.) | రోజులు | రోజుకు (రూ.) | 365 రోజులకు సుమారు (రూ.) |
|---|---|---|---|---|
| జియో, రోజుకు 1.5 జీబీ | 299 | 28 | 10.68 | 3,898 |
| జియో, రోజుకు 2 జీబీ | 349 | 28 | 12.46 | 4,549 |
| జియో, రోజుకు 1.5 జీబీ | 799 | 84 | 9.51 | 3,472 |
| జియో, రోజుకు 2 జీబీ | 859 | 84 | 10.23 | 3,733 |
| జియో, రోజుకు 2.5 జీబీ | 3,599 | 365 | 9.86 | 3,599 |
| ఎయిర్‌టెల్, రోజుకు 1.5 జీబీ | 859 | 84 | 10.23 | 3,733 |
| ఎయిర్‌టెల్, రోజుకు 2 జీబీ | 979 | 84 | 11.65 | 4,254 |
| ఎయిర్‌టెల్, రోజుకు 2 జీబీ | 3,599 | 365 | 9.86 | 3,599 |
| జియో, మాటలు మాత్రమే | 448 | 84 | 5.33 | 1,947 |
| జియో, మాటలు మాత్రమే | 1,748 | 336 | 5.20 | 1,899 |
| ఎయిర్‌టెల్, మాటలు మాత్రమే | 469 | 84 | 5.58 | 2,038 |
| ఎయిర్‌టెల్, మాటలు మాత్రమే | 1,849 | 365 | 5.07 | 1,849 |

ఈ పట్టికను అడ్డంగా కాదు, నిలువుగా చదవండి. జియోలో రోజుకు 2 జీబీ 84 రోజుల ప్యాకుకూ ఏడాది ప్యాకుకూ తేడా ఏడాదంతా కలిపి 134 రూపాయలు. అంత చిన్న మొత్తం కోసం 3,599 రూపాయలు ఒకేసారి కట్టి ఏడాది కట్టుబడిపోవడం ఎందుకు? మధ్యలో ఇల్లు మారితే, కొత్త ఇంట్లో సిగ్నల్ లేకపోతే, పోర్టు పెట్టిన (అదే నంబరుతో వేరే కంపెనీకి మారిన) రోజే మిగిలిన వాలిడిటీ మొత్తం గాలికి పోతుంది. తిరిగి ఇవ్వరు. కాబట్టి జియో వాళ్లకు 84 రోజులదే మంచిది.

ఎయిర్‌టెల్‌లో కథ వేరు. అదే 2 జీబీకి 84 రోజులవి వేసుకుంటూ పోతే ఏడాదికి 4,254, ఏడాది ప్యాకు 3,599. తేడా 655 రూపాయలు. రెండుమూడు నెలలు వాడి సిగ్నల్ మీద నమ్మకం కుదిరాక, సొంతిల్లు, స్థిరమైన ఉద్యోగం ఉన్నవాళ్లు ఏడాదిది వేసుకోవచ్చు. కొత్తగా పోర్టు అయి వచ్చినవాళ్లు మాత్రం మొదటి రీఛార్జికే వేయకండి.

జియోలో ఇంకో విషయం గమనించండి: 84 రోజులకు 1.5 జీబీకి 799, 2 జీబీకి 859. అరవై రూపాయల తేడా. ఇంట్లో 5జీ అందుతూ, చేతిలో 5జీ ఫోన్ ఉంటే ఆ అరవై మిగుల్చుకోవడం తెలివైన పని కాదు. అపరిమిత 5జీ దాంతోనే వస్తుంది. 4జీ ఫోన్ అయితే 799దే చాలు.

జీతం వచ్చిన తేదీకే రీఛార్జి పడితే వీలుగా ఉంటుందనుకునేవాళ్లకు నెలవారీ ప్యాకులున్నాయి. 2022 జనవరిలో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో ప్రతి కంపెనీ 30 రోజులదీ, ప్రతినెలా అదే తేదీకి వచ్చేదీ కనీసం ఒక్కోటి పెట్టాలి. జియోలో రోజుకు 1.5 జీబీతో 319, ఎయిర్‌టెల్‌లో 2 జీబీతో 379. జియో 319ని 12 సార్లు వేస్తే 3,828. 299ని 13 సార్లు వేస్తే 3,887. చూడ్డానికి ఎక్కువ ధరదే ఏడాదికి తక్కువ పడుతోంది. షాపులో అడిగితే తప్ప చెప్పరు.

చిన్న ఖర్చు ఇంకోటి: ఫోన్‌పే, పేటీఎం లాంటివాటిలో రీఛార్జికి ఒకటి రెండు రూపాయలు అదనంగా పట్టుకుంటారు. కంపెనీ యాప్‌లో యూపీఐతో కడితే అది ఉండదు. పది రూపాయల టాపప్ వేస్తే వచ్చే టాక్‌టైం 7.47 మాత్రమే, మిగతాది పన్ను, రుసుములు. అది మోసం కాదు గాని, టాపప్‌ల మీద బతకడం నష్టం.

రోజుకు ఎంత డేటా కావాలి

అంచనా వేయకండి, చూడండి. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే నెలకు ఎంత వాడారో, ఏ యాప్ ఎంత తిన్నదో ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లలో రోజుకు అర జీబీ కూడా దాటనివాళ్లు 2 జీబీ ప్యాకులు వేసుకుంటుంటారు.

జియో, ఎయిర్‌టెల్‌లో రోజువారీ డేటా అయిపోయాక నెట్ ఆగదు, స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వాట్సాప్‌లో అక్షరాలు వెళతాయి. ఫొటో వెళ్లదు, యూపీఐ తిరుగుతూ ఉంటుంది. టీటీడీ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఉదయమే పిల్లలు వీడియోలు చూసి డేటా అవగొడితే ఇంటిల్లిపాదీ తిట్టుకోవాల్సిందే. డేటా లెక్క అర్ధరాత్రి 12కు మొదలవుతుంది. కాబట్టి ఫోన్ రాత్రిపూట తనంతట తాను చేసుకునే అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ అన్నీ మర్నాటి కోటాలోంచే పోతాయి. ప్లేస్టోర్‌లో ఆటో అప్‌డేట్ 'వైఫైలో మాత్రమే' అని పెట్టండి. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. యూట్యూబ్ నాణ్యత 480కి తగ్గించండి. ఈ మూడూ చేశాక 2 జీబీ చాలక 2.5 జీబీ ప్యాకు అడిగేవాళ్లు అరుదు.

ఒక్కో కంపెనీ, ఈ కొలతల మీద

*జియో.* డేటా ఎక్కువ వాడేవాళ్లకు, 5జీ ఫోన్ ఉన్నవాళ్లకు రోజు లెక్కన ఇదే తక్కువ. బలహీనత 2జీ లేకపోవడం. 4జీ అంచున మాట తెగితే ఎయిర్‌టెల్, వీఐ ఫోన్లు 2జీకి దిగి మాట నిలబెట్టుకుంటాయి, జియోకు దిగడానికి మెట్టు లేదు. భాకరాపేట కనుమ, తలకోన పక్క, శేషాచలం అంచున ఉన్న పల్లెల్లో తిరిగేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. కీప్యాడ్ ఫోనే కావాలంటే జియోభారత్ ఫోన్ ఉంది. దాని ప్యాకు 28 రోజులకు 123. కానీ ఆ ప్యాకు ఆ ఫోన్లోనే పనిచేస్తుంది. సిమ్ తీసి స్మార్ట్‌ఫోన్లో వేస్తే పనికిరాదు.

*ఎయిర్‌టెల్.* 84 రోజుల డేటా ప్యాకుల్లో జియో కన్నా 60 నుంచి 120 రూపాయలు ఎక్కువ. ఎక్కువ పెట్టి కొనడం ఎప్పుడు న్యాయమంటే మీ ఇంట్లో ఆ సిగ్నలే బాగున్నప్పుడు, లేదా కీప్యాడ్ ఫోన్ వాడుతున్నప్పుడు. పెద్దవాళ్లకు 1,849 పెట్టి ఏడాదికి మాటల ప్యాకు వేసేస్తే మళ్లీ ఏడాదిదాకా రీఛార్జి గొడవ లేదు. కొద్దిగా డేటా కావాలంటే 84 రోజులకు 7 జీబీతో 548, ఏడాదికి 30 జీబీతో 2,249. మాటల ప్యాకుతో పోలిస్తే 7 జీబీకి 79, 30 జీబీకి 400 అదనం. వైఫై ఉన్న ఇంట్లో, బయట యూపీఐకీ వాట్సాప్‌కీ మాత్రమే నెట్ వాడేవాళ్లకు 548ది చక్కగా సరిపోతుంది.

*వీఐ.* హీరో ప్యాకుల్లో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా డేటా లెక్కలోకి రాదు, వారంలో మిగిలిన డేటా శని, ఆదివారాలకు కలుస్తుంది. రాత్రి మేలుకునే హాస్టలు పిల్లలకు కాగితం మీద దీన్ని మించింది లేదు. కానీ కవరేజీ మ్యాపు చూసి ఆగకుండా సిమ్ ఉన్నవాళ్ల ఫోన్‌తో కూడా పరీక్షించి కొనండి.

*బీఎస్ఎన్ఎల్.* చవక అని తొందరపడి మారినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అది కూడా ప్యాకు సరిగా చదవకపోవడంతో. చాలా ప్యాకుల్లో వాలిడిటీ వేరు, ప్రయోజనాలు వేరు. ఉదాహరణకు 397 ప్యాకు 150 రోజులతో వచ్చినప్పుడు అపరిమిత కాల్స్, రోజుకు 2 జీబీ మొదటి 30 రోజులకే. మిగతా 120 రోజులు సిమ్ బతికి ఉంటుంది, ఇన్‌కమింగ్ వస్తుంది, మాట్లాడాలంటే విడిగా డబ్బు వేసుకోవాలి. ప్యాకు వివరాల్లో 'ఫ్రీబీస్' (అంటే ఈ ప్రయోజనాలు) ఎన్ని రోజులో చూడకుండా డబ్బు కట్టకండి. రెండోది, ధర కదపకుండా రోజులు తగ్గించడం: 107 ప్యాకు 35 రోజులనుంచి 28కి వచ్చింది. స్వదేశీ పరికరాలతో దేశమంతా వేసిన 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. టవరు 4జీకి మారిన చోట, బ్యాండ్ 28 ఉన్న ఫోన్‌తో ఇది పనికొస్తుంది. లేనిచోట ఒక్క సిమ్‌గా దీన్ని నమ్ముకోవద్దు. రెండో సిమ్‌గా, బ్యాంకు నంబరు బతికించుకోవడానికి మాత్రం దీని దీర్ఘకాలం ప్యాకులు మంచివి.

పోస్ట్‌పెయిడ్ ఎవరికి

ప్రీపెయిడ్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో ప్రకటించిన ధర మీద అదనం. జియో 349 అంటే కట్టాల్సింది 411.82, ఎయిర్‌టెల్ 449 అంటే 529.82. ఒక్క మనిషికి ప్రీపెయిడే తక్కువ.

నలుగురున్న ఇంటికి లెక్క తిరగబడుతుంది. జియో 449 ఫ్యామిలీ ప్యాకులో అదనపు సిమ్ ఒక్కోటి 150, మూడు దాకా. మొత్తం 899, పన్నుతో 1,060.82, అంటే మనిషికి నెలకు 265. ఇదే నలుగురికీ 319 చొప్పున ప్రీపెయిడ్ వేస్తే 1,276. అయితే 449లో డేటా నెలకు 75 జీబీ, అదనపు సిమ్ ఒక్కోదానికి మరో 5. అది దాటాక జీబీ లెక్కన డబ్బు పడుతుంది. పిల్లలు 4జీలో వీడియోలు చూసే ఇంట్లో ఇది నిప్పుతో చెలగాటం. ఇంకో సంగతి, బాకీ ఉంటే పోర్టు తిరస్కరిస్తారు, కాబట్టి బయటికి రావాలంటే ముందు బిల్లు మొత్తం తీర్చాలి.

ఇంటికి ఫైబర్ వేసుకుంటే

నలుగురికీ జియో 859 వేస్తే 84 రోజులకు 3,436, నెలకు సుమారు 1,227. దానికి బదులు జియోఫైబర్ 399 తీసుకుంటే పన్నుతో 471, ఫోన్లకు ఎయిర్‌టెల్ 548 నాలుగు వేస్తే నెలకు సుమారు 783. కలిపితే 1,254. ఖర్చు దాదాపు ఒకటే. కానీ టీవీకి నెట్ వస్తుంది, రోజువారీ కోటా గొడవ తగ్గుతుంది, అన్నిటికన్నా ముఖ్యం వైఫై కాలింగ్ వస్తుంది. జియో, ఎయిర్‌టెల్ రెండింటిలోనూ ఇది ఉచితం. సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే సిగ్నల్ అందని గదిలోంచి మామూలు కాల్ మాట్లాడొచ్చు. సిగ్నల్ రాలేదని సిమ్ మార్చబోయేవాళ్లు, ఇంట్లో వైఫై ఉంటే ముందు ఈ మీట నొక్కి చూడాలి. పగలంతా ఇంటిబయట ఉండే ఒంటరి ఉద్యోగికి మాత్రం ఫైబర్ దండగ.

కొందరి సంగతి ప్రత్యేకం

కుప్పం నుంచి రోజూ బెంగళూరు రైలెక్కేవాళ్లకు, నగరి నుంచి తిరుత్తణి పక్క పనులకెళ్లేవాళ్లకు, శ్రీసిటీలో పనిచేస్తూ తమిళనాడు వైపు ఉండేవాళ్లకు సర్కిల్ (టెలికం కంపెనీల లెక్కలో ఒక ప్రాంతం) మారినా అపరిమిత ప్యాకుల్లో రోమింగ్ ఖర్చు లేదు. వాళ్లు చూడాల్సింది రెండు చివర్లా సిగ్నల్. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి బాగుంటే రెండు సిమ్ములే దారి: ఒకదానికి డేటా ప్యాకు, రెండోదానికి 448 లేదా 469 మాటల ప్యాకు. చెన్నైలోనో బెంగళూరులోనో తీసుకున్న సిమ్‌ను ఇక్కడికి పోర్టు చేసుకోవచ్చు. సర్కిల్ లోపల 3 పనిదినాలు పడితే, బయటినుంచి 5 పడుతుంది. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తెలంగాణ కూడా కలిసే ఉంది, కాబట్టి హైదరాబాదు సిమ్ సొంత సర్కిల్ సిమ్మే.

దుకాణం, టిఫిన్ అంగడి నడిపేవాళ్లు రోజువారీ డేటా పూర్తిగా వాడరు. వాళ్లకు కావాల్సింది ఎప్పుడూ ఆగని కొద్దిపాటి నెట్. ఎయిర్‌టెల్ 7 జీబీ ప్యాకు పెట్టుకుని అవసరమైతే డేటా వోచరు వేసుకోవడం మేలు.

కువైట్, దుబాయి వెళ్లేవాళ్లు ఊరి నంబరును బ్యాంకు కోసం బతికించుకోవాలి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా ఉంటే తీసేసే హక్కు కంపెనీకి ఉంది. బ్యాలెన్సులో 20 రూపాయలున్నా, అది పట్టుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలని ట్రాయ్ నిబంధన. దీంతో నంబరు పోదన్నమాటే గాని, ఓటీపీ వస్తుందన్న భరోసా కాదు. ఓటీపీకి వాలిడిటీ ఉన్న ప్యాకు ఉండాలి. కాబట్టి వెళ్లేముందు ఏడాది మాటల ప్యాకు వేసి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, ఆ సిమ్‌లో డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. చేతిలోంచి జారిపోయిన నంబరు ఇంకొకరికి ఇస్తారు, మీ బ్యాంకు మెసేజీలు వాళ్లకెళతాయి.

పోర్టు పెట్టేటప్పుడు ఎక్కడ ఆగిపోతుంది

పద్ధతి చిన్నదే. ఇంగ్లిషులో పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపితే 8 అక్షరాల కోడ్ వస్తుంది. అది 4 రోజులే పనిచేస్తుంది. ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకెళితే సరి. ప్యాకులో మెసేజీలు లేకపోయినా 1900కు వెళ్లాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, కాబట్టి "మీ ప్యాకులో ఎస్ఎంఎస్ లేదు" అన్న సాకు చెల్లదు.

తిరస్కరణకు మామూలు కారణాలు ఇవి: ఈ కంపెనీకి వచ్చి 90 రోజులు కాలేదు, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంది, సిమ్ పేరు మార్పు సగంలో ఉంది, కోడ్ తప్పు రాశారు లేదా గడువు దాటింది, పోయిన సిమ్‌కు డూప్లికేట్ తీసుకుని 7 రోజులు కాలేదు. ఆఖరిది 2024 జూలై 1 నుంచి వచ్చిన నిబంధన, సిమ్ దొంగతనంగా మార్పించి డబ్బు కాజేసేవాళ్లను ఆపడానికి. డూప్లికేట్ సిమ్‌లో మొదటి 24 గంటలు మెసేజీలు కూడా రావు. ఆ రోజు బ్యాంకు పని పెట్టుకోవద్దు.

షాపులో "వేలిముద్ర సరిగా పడలేదు, మళ్లీ పెట్టండి" అంటే పెట్టండి, కానీ మర్నాడు టెలికం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ పేరుమీద ఎన్ని నంబర్లున్నాయో చూడండి. మీది కానిది కనబడితే అక్కడే 'నాది కాదు' అని నొక్కొచ్చు. ఒక మనిషికి 9 సిమ్ములే పరిమితి. దాటితే 2023 టెలికం చట్టం కింద మొదటిసారి 50 వేల దాకా జరిమానా.

డబ్బు కట్ అయితే, వినకపోతే

అడగని కాలర్ ట్యూనో, జ్యోతిషం సర్వీసో మీద పడి బ్యాలెన్సు కరిగిపోతుంటే 155223కి చేయండి. అన్ని కంపెనీలకూ అదే నంబరు. అమ్మకాల కాల్స్ ఆపడానికి 1909. మొబైల్ డేటాను పూర్తిగా ఆపించాలంటే 1925కు స్టాప్ అని ఇంగ్లిషులో మెసేజ్. మాటల ప్యాకు ఉన్న పెద్దవాళ్ల ఫోన్‌కు ఇది మొదటిరోజే చేసిపెట్టండి.

జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పూర్తిగా పడిపోతే ప్రీపెయిడ్‌కు వాలిడిటీ పొడిగించాలి, పోస్ట్‌పెయిడ్‌కు అద్దె తగ్గించాలి. ఇది 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తుపాను లాంటి ప్రకృతి వైపరీత్యాలకు మాత్రం మినహాయింపు ఉంది కాబట్టి, నవంబరు వానల్లో సూళ్లూరుపేట పక్క టవర్లు ఆగితే ఇది అడగలేరు.

ఫిర్యాదుకు 121 కాదు, 198. డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) ఇచ్చేదాకా ఫోన్ పెట్టకండి. అది లేని ఫిర్యాదు ఫిర్యాదు కిందకి రాదు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయొచ్చు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు రాయడం వృథా, విడి మనుషుల ఫిర్యాదులు అది తీసుకోదు. కేంద్రప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికం శాఖకు రాస్తే కంపెనీ నుంచి పిలుపు వస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

"ఫోన్ కేసులు కన్స్యూమర్ కోర్టు తీసుకోదు" అని ఎవరైనా చెబితే అది 2009 నాటి తీర్పు మాట. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు, టెలికం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని తేల్చింది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, ఇ-జాగృతి పోర్టల్లో (మునుపటి ఇ-దాఖిల్) ఇంటినుంచే వేయొచ్చు. జతచేయాల్సినవి: రీఛార్జి రసీదు, ప్యాకు వివరాలున్న స్క్రీన్‌షాట్, డాకెట్ నంబరు, అప్పీలు జవాబు. ప్యాకు స్క్రీన్‌షాట్ రీఛార్జి చేసిన రోజే తీసి ఉంచుకోండి, కంపెనీ ఆ ప్యాకును తీసేశాక యాప్‌లో మళ్లీ కనబడదు.